బట్టీ వేరు, ధారణ వేరు

మా ఉప్పుగూడలో పీటీఈ రాయబోతున్న పిల్లల్ని ఎవర్ని కదిపినా చెప్పే మాట ఒకటే: “ఫైలు దొరికింది అన్నా, ఇంక బట్టీ కొట్టుడే.”

ఫైలంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం కాస్త వివరం. పరీక్ష రాసి బయటికొచ్చిన వాళ్ళని కోచింగు వాళ్ళు పట్టుకుని “ఏమేం వచ్చినయ్, గుర్తున్నయన్నీ చెప్పు” అని అడుగుతారు. అలా పోగైన వాక్యాల్నీ, పేరాల్నీ ఒక పీడీఎఫ్‌లో గుచ్చి, ‘ప్రిడిక్షన్ ఫైలు’ అని పేరు పెట్టి, నెలకోసారి కొత్తది వదుల్తారు. కొందరు అమ్ముతారు, కొందరు టెలిగ్రాంలో ఊరికే పంచుతారు. పిల్లలు దాన్ని ప్రింటు తీయించుకుని, ఎంఎంటీఎస్‌లో మలక్‌పేట దాకా నిలబడి కూడా వల్లె వేస్తుంటారు. మలక్‌పేటలో దిగి దిల్‌సుఖ్‌నగర్ కోచింగుకి పోతారు. అక్కడ మళ్ళీ అదే ఫైలు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, ఇంగ్లీషు మాస్టార్ని కాను. ఆదివారాలు మా గల్లీ పిల్లలు నలుగురైదుగురు మా మేడ మీదకొస్తారు. నేను వాక్యాలు చదువుతా, వాళ్ళు తిరిగి చెప్తారు, రాస్తారు. ఇదే నాకున్న అర్హత. దాంతోనే ఒక మాట గట్టిగా చెప్పాలనిపించింది. పైకి చదవడం, విని తిరిగి చెప్పడం, విని రాయడం - ఈ మూడింటి సాధన నిజంగా పనికొచ్చేది, పరీక్ష అయిపోయాక కూడా పనికొచ్చేది. దాన్ని వదిలేసి ఫైలు వెంట పడటమంటే వెన్న చేతిలో పెట్టుకుని నేతికోసం ఊరంతా తిరగడమే.

ముందు పరీక్ష సంగతి

పీటీఈ అకడమిక్ పియర్సన్ కంపెనీది, 2009లో మొదలైంది. ఆస్ట్రేలియా వీసాలకి 2014 చివర్లో ఒప్పుకున్న దగ్గర్నుంచీ మనవాళ్ళలో దీనికి గిరాకీ పెరిగింది. అంతా కంప్యూటర్ ముందే. ‘రీడ్ అలౌడ్’లో అరవై మాటల లోపు పేరా ఒకటి తెర మీద కనపడుతుంది, ముప్పై నలభై సెకన్లు చూసుకుని పైకి చదవాలి. ‘రిపీట్ సెంటెన్స్’లో మూడు నుంచి తొమ్మిది సెకన్ల వాక్యం ఒక్కసారే వినిపిస్తుంది, వెంటనే పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. ‘రీటెల్ లెక్చర్’లో నిమిషంన్నర దాకా ఉండే ఉపన్యాసం విని, పది సెకన్లు ఆలోచించుకుని, నలభై సెకన్లలో చెప్పాలి. చివర్లో ‘రైట్ ఫ్రం డిక్టేషన్’ - విన్న వాక్యాన్ని విన్నట్టు టైపు చేయాలి, సరిగ్గా రాసిన మాటకో మార్కు. మాట్లాడే ప్రశ్నల్లో మూడు సెకన్లు నోరు కట్టేసుకుంటే మైకు కూడా కట్టేస్తుంది. నత్తినత్తిగా ఆలోచించుకునే వీలు లేదు.

ఇదేదో కంప్యూటర్ కాలపు వింత అనుకోకండి. 1913లో కేంబ్రిడ్జి వాళ్ళు మొదటిసారి ప్రొఫిషియన్సీ పరీక్ష పెట్టినప్పుడే అందులో డిక్టేషనూ ఉంది, పైకి చదవడమూ ఉంది. ఆ ఏడాది రాసింది ముగ్గురు. ముగ్గురూ తప్పారు :) ఆ తర్వాత 1970లలో జాన్ ఆలర్ అనే ఆయన ‘డిక్టేషన్ అంటే ఉత్త స్పెల్లింగు పరీక్ష కాదు, భాష మొత్తాన్నీ ఒకేసారి పట్టి చూసే పరీక్ష’ అని వాదించాడు. 1990లలో ఫోన్లోనే విని, తిరిగి చెప్పి, మార్కులు మెషిన్ వేసే ఫోన్‌పాస్ వచ్చింది. అదే తర్వాత వెర్సంట్ అయింది. కాల్ సెంటర్లకి వెళ్ళిన మన హైదరాబాదు కుర్రాళ్ళలో చాలామందికి ఆ పేరు వినగానే కడుపులో తిప్పినట్టవుతుంది. 2026 జనవరిలో మారిన టోఫెల్‌లో కూడా ‘విని తిరిగి చెప్పు’ అనే ప్రశ్న పెట్టారు. అంటే వందేళ్ళు దాటినా, మనుషులు పోయి మెషిన్లు వచ్చినా, ఈ రకం ప్రశ్న పోవట్లేదు, పైగా పెరుగుతోంది. ఏదో కారణం ఉండాలి కదా.

ఇది భాషా పరీక్షా? జ్ఞాపకశక్తి పరీక్షా?

పిల్లలందరూ అడిగేది ఇదే. “అన్నా, నాకు మెమొరీ తక్కువ. రిపీట్ సెంటెన్స్ నాకు రాదు.” నేను వాళ్ళకొక చిన్న ప్రయోగం చేయిస్తా. “రేపు పొద్దున్న ఫలక్‌నుమా పోయే బండి పది నిమిషాలు లేటుగా వస్తదంట, నువ్వు తొందరపడి ఇంట్లకెళ్ళి బయల్దేరకు” అని ఒక్కసారి చెప్పి, తిరిగి చెప్పమంటా. అందరూ చెప్తారు. లెక్కపెడితే పదమూడు మాటలు. అదే పిల్లాడు ఇంగ్లీషులో పదకొండు మాటల వాక్యం దగ్గర తడబడతాడు. అంతే పొడుగు వాక్యం జపనీసులో చెప్తే మొదటి రెండు మాటలు కూడా రావు. మెదడు అదే, చెవులు అవే, మారింది భాష ఒక్కటే. మరి తక్కువైంది మెమొరీ ఎట్లా అవుతుంది?

జార్జ్ మిల్లర్ 1956లో రాసిన పేరుమోసిన వ్యాసం ఒకటుంది. మనం అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచుకోగలిగినవి ఏడు, ఓ రెండు అటూ ఇటూ అని. అయితే ఏడు ఏమిటి అన్నది మన చేతిలో ఉంటుంది. ఏడు అక్షరాలా, ఏడు మాటలా, ఏడు గుత్తులా? ‘ద లైబ్రరీ విల్ రిమైన్ ఓపెన్ అంటిల్ మిడ్‌నైట్ డ్యూరింగ్ ద ఎగ్జామినేషన్ వీక్’ - దీన్ని పదకొండు మాటలుగా వింటే పట్టు జారిపోతుంది. ‘ద లైబ్రరీ’, ‘విల్ రిమైన్ ఓపెన్’, ‘అంటిల్ మిడ్‌నైట్’, ‘డ్యూరింగ్ ద ఎగ్జామినేషన్ వీక్’ అని వింటే నాలుగే. వేలకొద్దీ వాక్యాలు వినీ, చదివీ, పలికీ ఉన్నవాడికి ఈ గుత్తులు వాటంతటవే కడతాయి. లేనివాడికి ప్రతి మాటా విడి బియ్యపు గింజే.

దీనికి మంచి ఉదాహరణ మా స్టేషన్లోనే ఉంది. ఉప్పుగూడ ప్లాట్‌ఫారం మీద పెరిగిన ఏ పిల్లాణ్ణయినా అడగండి, రైలు అనౌన్స్‌మెంటు మూడు భాషల్లోనూ గడగడా అప్పజెప్తాడు. ఎవరూ కూచోబెట్టి బట్టీ పట్టించలేదు. విని విని, బండి నెంబరు, స్టేషను పేరు, ప్లాట్‌ఫారం ఎక్కడెక్కడ మారతాయో చెవికి తెలిసిపోయింది. రేపు కొత్త బండి వేసినా దాని అనౌన్స్‌మెంటు కూడా వాడు చెప్పగలడు. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి, అసలు తేడా ఇక్కడే ఉంది.

హార్డ్‌కోడ్ చేసిన ఇంగ్లీషు

మా వృత్తిలో ఒక పాపం ఉంది. ఫంక్షన్ రాయమంటే, టెస్టు కేసులు చూసుకుని ‘ఇన్‌పుట్ రెండైతే నాలుగు ఇవ్వు, మూడైతే తొమ్మిది ఇవ్వు’ అని రాసేయడం. టెస్టులన్నీ పచ్చగా వెలుగుతాయి, మేనేజరు సంతోషిస్తాడు. ప్రొడక్షన్లో ఎవడో అయిదు ఇస్తాడు, కథ ముగుస్తుంది. ప్రిడిక్షన్ ఫైలు సరిగ్గా ఇదే పని.

మా గల్లీలో ఒక అమ్మాయి ఉంది, పేరు చెప్పను. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీటెక్. నాన్న టైలరు. పరీక్ష ఫీజు పదిహేను వేలు దాటింది కదా, అది ఆ ఇంట్లో చిన్న విషయం కాదు. కోచింగులో ఇచ్చిన ఫైలు, నాలుగు వందల పైచిలుకు వాక్యాలు, మూడు నెలలు కూచుని మొత్తం నోటికి పట్టేసింది. అంత కష్టపడే పిల్లని నేను చూళ్ళేదు. పరీక్షలో నిజంగానే ఫైల్లోని వాక్యం లాంటిది ఒకటి తగిలింది. ఏమైంది? తన మాటల్లోనే:

“అన్నా, అది ఫైల్ల ఉన్నదే అనుకున్న. కానీ కొంచెం మార్చిండ్రు. నేను ఫైల్లదే చెప్పిన. ఆనక దాని గురించే ఆలోచిస్తుంటే తర్వాతిది ఇనలే.”

ఊహించుకోడానికి వీలుగా నేనే కల్పించి చెప్తా. ఫైల్లో ఉన్నది ‘స్టూడెంట్స్ మస్ట్ సబ్‌మిట్ దెయిర్ అసైన్‌మెంట్స్ బై ఫ్రైడే ఆఫ్టర్‌నూన్’ అనుకోండి. వినిపించింది ‘స్టూడెంట్స్ హూ సబ్‌మిట్ దెయిర్ అసైన్‌మెంట్స్ ఆఫ్టర్ ఫ్రైడే విల్ లూజ్ మార్క్స్’. సగం మాటలు అవే, అర్థం వేరు. ఫైలు పట్టినవాడి మెదడు వినడం మానేసి వెతకడం మొదలెడుతుంది. వినేవాడికి వినిపిస్తుంది, వెతికేవాడికి దొరికిందే వినిపిస్తుంది.

పైగా పరీక్ష పెట్టేవాళ్ళు ఊరుకోరు కదా. 2025 ఆగస్టులో పీటీఈలో రెండు కొత్త ప్రశ్నలు చేర్చారు: ఒక గుంపు చర్చ విని సారాంశం చెప్పడం, ఒక సందర్భం ఇస్తే దానికి తగ్గట్టు మాట్లాడటం. మూసలు పట్టి వచ్చేవాళ్ళని ఏరడానికి మనుషుల చేత దిద్దించడం కూడా పెంచారు. మా భాషలో చెప్పాలంటే కోడ్ రివ్యూ వచ్చింది. ఇంకా హార్డ్‌కోడ్ చేస్తే దొరికిపోతారు.

మన అవధానులు ఏం చేస్తారు?

‘మరి మన సంప్రదాయమే బట్టీ కదా, ఎక్కాలు, పద్యాలు అన్నీ నోటికి పట్టే కదా పెద్దలు పండితులయ్యింది’ అని మా మామయ్య అంటుంటారు. నిజమే. కానీ అందులో రెండు వేర్వేరు పనులున్నాయి.

అష్టావధానం చూసినవాళ్ళకి తెలుసు. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి లాంటి అంశాలకి అవధాని ఒక్కొక్క పాదం చెప్పుకుంటూ పోతాడు, నాలుగు ఆవృత్తాలు తిరుగుతాయి. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు అడ్డం పడుతుంటాడు, గంటలు కొడుతుంటారు. చివర్లో అన్ని పద్యాలూ వరసగా ధారణ చేసి అప్పజెప్తాడు. అది ఎలా సాధ్యం? పద్యానికి ఛందస్సు ఉంది, యతి ప్రాసలున్నాయి, అన్నిటికన్నా ముఖ్యం తను కూర్చిన అర్థం ఉంది. ఒక మాట జారినా మిగతావి దాన్ని లాక్కొస్తాయి. అదీ ధారణ. ఇప్పుడు ఎవడైనా పృచ్ఛకుల సమస్యలు ముందురోజే అవధానికి అందజేశాడనుకోండి, సభలో వాళ్ళు ఏమంటారు? మోసం అంటారు. మనం మాత్రం దాన్ని ‘మెటీరియల్’ అంటున్నాం.

పాతబస్తీలో ఇంకో సంప్రదాయమూ ఉంది. ఖురాన్ మొత్తం కంఠస్థం చేసి హాఫిజ్ అవ్వాలనుకునే పిల్లలు రోజూ ఉస్తాద్ ముందు కూచుని ఆనాటి కొత్త పాఠం అప్పజెప్తారు, దాంతోపాటే మొన్నటిదీ, ఇంకా వెనకటిదీ. తప్పు పలికితే అక్కడికక్కడే ఆపి దిద్దుతారు. వాళ్ళ లక్ష్యం వేరు, అది పవిత్ర గ్రంథం, ఒక్క అక్షరం మారకూడదు. కానీ పద్ధతిలో మనం నేర్చుకోవలసింది ఉంది: ఒక మనిషి ఎదురుగా కూచుని వినాలి, పాతది మళ్ళీ మళ్ళీ తిరగెయ్యాలి, తప్పు తప్పని వెంటనే తెలియాలి. ఫైలుతో ఒంటరిగా రైల్లో నిలబడితే ఈ మూడింటిలో ఒక్కటీ జరగదు.

ఇప్పటి మనస్తత్వ శాస్త్రం చెప్పేదీ ఇదే. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు విద్యార్థుల చేత పాఠాలు చదివించారు. కొందరు మళ్ళీ మళ్ళీ చదివారు, కొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచెయ్యి. వారం తర్వాత అడిగితే తిరగబడింది, గుర్తు తెచ్చుకున్నవాళ్ళు ముందున్నారు. రేపే పరీక్ష ఉన్నట్టు చదివే మన అలవాటు ఎందుకు నిలవదో ఇంతకన్నా తేలిగ్గా చెప్పలేం.

తెలుగు నోటికి ఎక్కడ జారుతుంది

ఏడాదిగా మేడ మీద పిల్లల తప్పులు ఒక నోటుపుస్తకంలో రాస్తున్నా. ముఖ్యంగా మూడు రకాలు కనపడ్డాయి.

మొదటిది, ‘ద’, ‘ఎ’ ఎగిరిపోవడం. మన భాషలో అవి లేవు కాబట్టి చెవి వాటిని చప్పుడుగానే లెక్కేయదు. డిక్టేషన్లో మాటకో మార్కు అన్నప్పుడు ఇవి పోవడమంటే ఊరికే మార్కులు పారబోసుకోవడమే.

రెండోది, మాట చివర. తెలుగు అజంత భాష. బస్సు, రోడ్డు, లెక్చరు - చివర అచ్చు లేకపోతే మన నోరు ఊరుకోదు. దానివల్ల రెండు నష్టాలు. మాట్లాడేటప్పుడు ఒక అచ్చు అదనంగా చేరుతుంది. వినేటప్పుడు చివరి ‘స్’, ‘డ్’ అసలు వినపడవు. ‘స్టూడెంట్స్’ కాస్తా ‘స్టూడెంట్’ అవుతుంది, ‘వాక్‌డ్’ కాస్తా ‘వాక్’ అవుతుంది.

మూడోది, లయ. మనం ప్రతి అక్షరాన్నీ దాదాపు సమానంగా పలుకుతాం. ఇంగ్లీషులో కొన్ని అక్షరాల మీద బరువేసి, మిగతావి మింగేస్తారు. మింగేసిన వాటినే మనం వదిలేస్తాం.

ఒక సంతోషం కూడా ఉంది. ‘జీరో’, ‘ప్రైజ్’ లాంటి మాటల్లో ఉండే ఆ గరగర ‘జ’ మా ఉప్పుగూడ పిల్లలకి తేలిగ్గా వస్తుంది. దోస్తుల దగ్గర దక్కనీ ఉర్దూ వింటూ పెరిగారు కదా, ‘జిందగీ’, ‘జమీన్’ అనడం అలవాటే. పాతబస్తీ పిల్లలకి ఇంగ్లీషు రాదు అనేవాళ్ళకి ఇదో జవాబు. రెండు మూడు భాషల మధ్య పెరిగిన చెవి అది, కాస్త పని చెప్తే చాలు.

మేం చేసేది

పెద్ద రహస్యమేమీ లేదు, ఖర్చు అంతకన్నా లేదు.

ఒకటి. వాక్యం నేను ఒక్కసారే చదువుతా. వాళ్ళు వెంటనే చెప్పకూడదు, మనసులో మూడు లెక్కపెట్టి అప్పుడు చెప్పాలి. వెంటనే అయితే చెవిలో మోగుతున్న చప్పుడునే కక్కేస్తారు. మూడు లెక్కపెట్టేసరికి చప్పుడు ఆరిపోతుంది, అర్థం పట్టుకోక తప్పదు.

రెండు. చెప్పలేకపోతే ముందు తెలుగులో చెప్పమంటా. తెలుగులో వచ్చిందంటే అర్థమైంది, ఇంగ్లీషు కూర్చడం రావట్లేదు. తెలుగులోనూ రాలేదంటే అసలు వినపడలేదు. రెండింటికీ మందు వేరు. మొదటివాడు పైకి చదవాలి, రెండోవాడు ఇంకా వినాలి. అందరికీ ఒకే ఫైలు ఇస్తే ఎలా నయమవుతుంది?

మూడు. పైకి చదివేటప్పుడు పేరాలో పెన్సిలుతో గుత్తులు గుర్తు పెట్టుకోవాలి. ఊపిరి గుత్తి చివర ఆడాలి, గుత్తి మధ్యలో కాదు. ఫోన్లో రికార్డు చేసుకుని, పేరా ముందు పెట్టుకుని వినాలి. తన గొంతు తను వినడం మొదట సిగ్గుగా ఉంటుంది, వారానికి పోతుంది.

నాలుగు. డిక్టేషన్ రాశాక, తప్పిన మాటలు మాత్రమే విడిగా రాసుకోవాలి. నెలయ్యేసరికి తను ఏ రకం మాటలు వదిలేస్తున్నాడో తనకే తెలుస్తుంది. మేం కోడు పక్కన లాగ్ రాసుకోమా, అదే.

ఐదు. ఇవాళ తప్పిన వాక్యం రేపు ఒకసారి, మూడు రోజులకి ఒకసారి, వారానికి ఒకసారి. మధ్యలో మర్చిపోవడం మంచిదే. కొంచెం మర్చిపోయి గుర్తు తెచ్చుకున్నదే నిలుస్తుంది.

వాక్యాలు ఎక్కడివంటారా? పదో తరగతి సైన్సు పుస్తకం ఇంగ్లీషు మీడియం కాపీ చాలు. అందులో సంగతి పిల్లలకి ముందే తెలుసు కాబట్టి భాష మీద మనసు పెట్టొచ్చు. బీబీసీ వాళ్ళ ఆరు నిమిషాల ఇంగ్లీషు కార్యక్రమం ఊరికే దొరుకుతుంది. అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది, 1891లో అసఫియా పేరుతో మొదలైనది. ఉప్పుగూడ నుంచి ఎంత దూరం?

పరీక్షని వెనకేసుకు రావట్లేదు

నాకు దీంతో పేచీలూ ఉన్నాయి. రిపీట్ సెంటెన్స్‌లో ‘అంటిల్’ బదులు ‘టిల్’ అంటే మాట తప్పినట్టే లెక్క. కానీ అలా మార్చినవాడు అర్థం పట్టుకున్నవాడు! చిలకలా పలికినవాడికి పూర్తి మార్కులు, అర్థం చేసుకుని చెప్పినవాడికి కోత. ఇది మెషిన్‌కి తేలిక కాబట్టి పెట్టిన పద్ధతి తప్ప, భాషకి న్యాయం కాదు. పరీక్ష గదిలో చుట్టూ పదిమంది ఒకేసారి మైకుల్లో మాట్లాడుతుంటే ఒక్కసారే వినిపించే వాక్యం వినడం ఇంకో శిక్ష. ఇక ఫీజు గురించి పైన చెప్పాను. ఒకసారి తప్పితే మళ్ళీ అంతా కట్టాలి.

వీసా వాళ్ళు గీత పైకి జరుపుతూనే ఉంటారు. ఆస్ట్రేలియా 2024 మార్చి 23 నుంచి విద్యార్థి వీసాకి కావలసిన ఐఈఎల్‌టీఎస్ బ్యాండుని 5.5 నుంచి 6కి పెంచింది. అక్కడ స్థిరపడాలనుకునేవాళ్ళకి పీటీఈలో నాలుగింటా 79 వస్తే 20 పాయింట్లు, 65 అయితే 10 అనే లెక్క 2025 ఆగస్టు దాకా నడిచింది, ఆ తర్వాత ఒక్కో నైపుణ్యానికీ వేరే అంకెలు పెట్టారు. అంకె మారిన ప్రతిసారీ భయం పెరుగుతుంది, భయం పెరిగిన ప్రతిసారీ ఫైలు రేటు పెరుగుతుంది. ఆ పిల్లల్ని నేను తిట్టను. భయపడ్డవాడు దగ్గరదారి వెతకడం సహజం.

హైదరాబాదులో ఇంగ్లీషు ఎలా నేర్పాలో పరిశోధించడానికే 1958లో ఒక సంస్థ పెట్టారు. ఇవాళ ఇఫ్లూ అంటున్నది అదే. మా రైలు లైన్లోనే, ఉస్మానియా పక్కన ఉంటుంది. అరవై ఏళ్ళు దాటినా అక్కడి విద్య మా ఉప్పుగూడ తెలుగు మీడియం పిల్ల దాకా రాలేదు, టెలిగ్రాం ఫైలు మాత్రం రెండు నిమిషాల్లో వచ్చింది. ఇందులో తప్పు పిల్లది కాదు.

కానీ దగ్గరదారి ఎక్కడికి పోతుందో చూశాం. 2022లో కెనడా సరిహద్దులో పడవలో పట్టుబడ్డ గుజరాతీ కుర్రాళ్ళు అమెరికా కోర్టులో ఇంగ్లీషులో జవాబు చెప్పలేకపోయారు. ఐఈఎల్‌టీఎస్ కాయితం మీద మాత్రం 6.5, 7 బ్యాండ్లు. మెహ్‌సానా పోలీసులు విచారణ మొదలెట్టారు. అంతకుముందు 2014లో బ్రిటన్లో టోఇక్ పరీక్ష గోల్‌మాల్ బీబీసీ బయటపెట్టాక, 58 వేల పైచిలుకు పరీక్షల్లో 33 వేలకు పైగా చెల్లవన్నారు, ఇంకో 22 వేలు అనుమానమన్నారు. అందులో నిజంగా కష్టపడి రాసినవాళ్ళూ ఇరుక్కుపోయి ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. దొంగ దారి తొక్కినవాడి పాపం పక్కవాడికీ చుట్టుకుంటుంది.

ఫైలు పట్టడం ఆ స్థాయి నేరం అని నేననట్లేదు. కానీ నష్టం ఒకటే రకం. కాయితం మీద ఒక మనిషి ఉంటాడు, క్లాసులో ఇంకో మనిషి కూచుంటాడు. అప్పు మాత్రం ఆ రెండో మనిషి పేరునే ఉంటుంది.

మా టైలరు గారి అమ్మాయి రెండోసారి రాసి, కావలసినంత తెచ్చుకుంది. దీన్ని మా పద్ధతికి రుజువుగా చూపించట్లేదు, ఒక్క మనిషిని పట్టుకుని లెక్క కట్టకూడదు. మొదటిసారి పట్టిన బట్టీలో కూడా కొంత కలిసొచ్చి ఉండొచ్చు. నాకు నచ్చింది మార్కు కాదు, మెల్‌బోర్న్ వెళ్ళిన నెలకి ఫోన్ చేసి చెప్పిన మాట: “అన్నా, లెక్చర్ల సార్ స్పీడుగ చెప్తడు. మూడు లెక్కపెట్టే టైమ్ కూడా ఇయ్యడు. కానీ ఆనక రూముకొచ్చి నోట్స్ చూడకుండ రాస్తున్న, సగంకంటే ఎక్కువనే వస్తున్నది.” సగం కంటే ఎక్కువ! ఏ ఫైల్లోనూ లేని ఉపన్యాసం అది.

కాబట్టి పిల్లలకి చెప్పేది ఇంతే. రోజుకి ఇరవై వాక్యాలు, ఎప్పుడూ చూడనివి, మూడు నెలలు. నాలుగు వందల పాత వాక్యాల కన్నా పద్దెనిమిది వందల కొత్త వాక్యాలు బరువు తక్కువ, నమ్మండి. ఎందుకంటే వాటిని మోయనక్కర్లేదు, విని వదిలేయడమే.

పెద్దవాళ్ళకి చెప్పేది ఇంకోటుంది. మీకు ఇంగ్లీషు చదవడం వస్తే, మీ గల్లీలో ఈ పరీక్షకి తయారవుతున్న పిల్లో పిల్లాడో ఉంటే, ఆదివారం ఒక అరగంట కూచుని పది వాక్యాలు చదవండి. మీ ఉచ్చారణ లండన్ వాళ్ళలా ఉండక్కర్లేదు. వినే మనిషి ఒకరు ఎదురుగా ఉండటమే సగం చదువు. మా మేడ మీద అయితే ఇప్పటికి అయిదుగురే ఉన్నారు, చాప మీద ఇంకా చోటుంది.